కలర్ రేకు కొనేముందు కోటింగ్ అడగండి: ఉప్పుగాలి ఊళ్లో షెడ్డు కప్పు మార్చుకున్నాక రివ్యూ

మాది నరసాపురం దాటాక సముద్రం వైపు ఊరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మోటార్లు చుడతాను, ఎక్కువగా రొయ్యల చెరువుల్లో నీళ్లు చిమ్మి గాలి కలిపే ఏరేటర్లవి. పాత జీఐ రేకుల్ని తుప్పు తినేసింది. రేకుని పైపుకి పట్టి ఉంచే జె బోల్టు ఉన్న ప్రతిచోటా చిల్లు పడి, మబ్బు పట్టిందంటే వైండింగ్ అయిన మోటార్ల మీద పట్టా కప్పుకోవాల్సి వచ్చేది. ఈసారి అల్యూజింక్ కలర్ రేకు తెచ్చాం, 0.45 మి.మీ., ఏజెడ్ 150 కోటింగ్. మేస్త్రీని పెట్టకుండా నేనూ మా బావమరిదీ కలిసి వేసుకున్నాం. ఎండాకాలం, వానాకాలం, మంచుకాలం అన్నీ చూశాక రాస్తున్నాను. రేకు బాగుంది, మా వైపు వాళ్లకి కొనమనే చెప్తాను. కాకపోతే కొట్లో చూపించే పద్ధతిలో రంగూ మందమూ చూసి కొంటే మాత్రం డబ్బులు దండగ.

కొట్టుకెళ్తే ముందు రంగుల కార్డు చేతికిస్తారు, తర్వాత మందం చెప్తారు. కోటింగ్ సంగతి మనం అడిగితే తప్ప రాదు. నేను అడిగితే ‘ఎందుకండీ అవన్నీ, అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు’ అన్నాడు ఒకతను. అవన్నీ ఎందుకంటే, పైన కనిపించే రంగు పలచటి పొర, ఉక్కుని కాపాడేది దాని కింద ఉండే లోహపు పూత. జీఐ రేకుకి అది జింకు ఒక్కటే. అల్యూజింక్‌లో బరువు లెక్కన 55 శాతం అల్యూమినియం, 43 శాతం పైచిలుకు జింకు, మిగిలిన కాస్తా సిలికాన్. అల్యూమినియం ఉప్పుగాలిని లోపలికి పోనివ్వకుండా అడ్డుకుంటుంది, జింకు కోసిన అంచుల దగ్గరా గీతలు పడ్డచోటా ఉక్కు బదులు తాను కరిగిపోతుంది. ఏజెడ్ 150 అంటే చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత. ఇదే రంగు, ఇదే మందం ఉన్న రేకులు పూత తక్కువతో కూడా అమ్ముతారు, పైకి చూస్తే ఎవరికీ తెలియదు. తాడేపల్లిగూడెంలో ఇల్లుంటే దానితో సరిపెట్టుకోవచ్చేమో, సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని మనకి కుదరదు. అందుకే రేకు అడుగు వైపు ప్రింటు చదివి, బిల్లు మీద కోటింగ్ అంకె రాయించుకున్నాకే డబ్బులిచ్చాను.

మందం కూడా కొలుచుకోవాలి. రాగి వైరు గేజి చూసే మైక్రోమీటర్ జేబులో వేసుకెళ్లాను. 0.45 అంటే పూతా రంగూ అన్నీ కలిపి, లోపల ఉక్కు అంతకంటే పలచగానే ఉంటుంది, అది మోసం కాదు, లెక్కే అంత. మొత్తం మందమే 0.40 దగ్గర ఆగిపోతే మాత్రం ఆ రేకు వద్దు. నేను కొన్నచోట కొలత సరిగ్గా వచ్చింది. పైగా వాళ్లు చూరు నుంచి కొప్పు దాకా ఒకే పొడుగు రేకు కోసిచ్చారు, మధ్యలో అతుకు లేదు. అతుకు లేకపోతే అక్కడ కారే ప్రశ్నే లేదు. ఈ విషయంలో కొట్టుకి పూర్తి మార్కులు.

స్క్రూల దగ్గర మాత్రం ఆ కొట్టే నాకు నచ్చలేదు. రేకులతోపాటు డబ్బాలో వేసిచ్చినవి మామూలు జింకు పూత స్క్రూలు, వాషర్లు గట్టి ప్లాస్టిక్ లాంటివి, పొడుగు చాలదు. ఇంత మంచి రేకు వేసి ఆ స్క్రూలు దింపితే ముందు స్క్రూ తల తుప్పు పడుతుంది, ఆ తుప్పు నీళ్లు రేకు మీదకి దిగుతాయి, మళ్లీ చిల్లు అక్కడే మొదలు. తిరిగిచ్చేసి, ఉప్పుగాలికి తట్టుకునే క్లాస్ 4 పూత ఉన్న సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (తామే చిల్లు వేసుకుని దిగేవి), ఈపీడీఎం రబ్బరు వాషర్లతో వేరేచోట తెచ్చుకున్నాం. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు ఇంకా మంచివని చాలామంది అంటారు, నాకూ చెప్పారు. ఈ రేకుకి అవి పనికిరావు. ఉప్పు తేమలో స్టెయిన్‌లెస్ పక్కనున్న అల్యూజింక్ పూత త్వరగా పోతుంది, స్క్రూ తళతళలాడుతూనే ఉంటుంది, దాని చుట్టూ రేకు పోతుంది. రాగి అయితే మరీ ప్రమాదం. నాలాగా రాగితో పనిచేసేవాళ్లు వైరు ముక్కలు కప్పు మీద పడకుండా చూసుకోండి, ఏసీ రాగి గొట్టం నీళ్లు రేకు మీద కారేలా ఎప్పుడూ పెట్టకండి.

స్క్రూ రేకు గట్టు మీద దింపాలి, పల్లంలో కాదు. పల్లంలో అయితే పని సులువు, మేస్త్రీలు చాలామంది అక్కడే దింపుతారు, కానీ వాన నీరంతా నడిచేది అక్కడే. గట్టు మీద దింపాలంటే పొడుగు స్క్రూ కావాలి, 55 మి.మీ.వి మాకు సరిపోయాయి. ఇక బిగింపు. మా బావమరిది డ్రిల్లు పట్టుకుంటే నేను పక్కన కూర్చుని ప్రతి వాషర్నీ చూశాను. స్క్రూ దిగేకొద్దీ రబ్బరు అణిగి, లోహపు బిళ్ల అంచు దాటి సన్నగా చుట్టూ బయటికి వస్తుంది. అంతే, అక్కడ ఆపాలి. ‘బావా, ఇంకొక్క తిప్పు తిప్పనా’ అని అడిగేవాడు, వద్దనేవాణ్ణి. ఆ ఒక్క తిప్పుతో రబ్బరు చిట్లిపోతుంది, గట్టు లోపలికి సొట్ట పడుతుంది, నీళ్లు అక్కడే నిలుస్తాయి. వదులుగా వదిలేసినా కారుతుంది. డ్రిల్లుకి క్లచ్ (తగినంత బిగియగానే తిరగడం ఆపేది) ఉంటే అది సెట్ చేసుకోండి, లేకపోతే వేగం తగ్గించి కంటితో చూసుకోవడమే.

డ్రిల్లు వేసినప్పుడు సన్నటి ఇనప రజను పడుతుంది చూడండి, దాన్ని ఆ పూటకి ఆ పూటే మెత్తటి బ్రష్షుతో ఊడ్చేయాలి. రాత్రి మంచు కురిస్తే తెల్లారేసరికి రేకు నిండా గోధుమరంగు చుక్కలు తేలతాయి. రేకు తుప్పు పట్టిందని కంగారు పడతారు గానీ ముందు తుప్పు పట్టేది ఆ రజనే, అలాగే వదిలేస్తే రంగుని పట్టుకుని కిందికి పోతుంది. కోయడానికి గ్రైండర్ కూడా అందుకే వద్దు, నిప్పురవ్వలు రంగులో గుచ్చుకుపోతాయి. చేతి కత్తెర చాలు. పాత జె బోల్టులు మాత్రం గ్రైండర్‌తోనే కోశాం, అవి వేరే దారిన రావు, కొత్త రేకులు దగ్గర్లో లేకుండా చూసుకున్నాం.

గాలి సంగతి. 1996 నవంబరు 6 తుఫాను చూసిన కోనసీమ వాళ్లకి రేకు ఎగిరితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. గాలి భారం లెక్కలకి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో మన తీరానికి పెట్టిన వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. గాలి రేకుని కిందికి తొయ్యదు, పైకి లాగుతుంది, ఆ లాగుడు అంచుల దగ్గరా మూలల దగ్గరా ఎక్కువ. కాబట్టి చూరు దగ్గరా కొప్పు దగ్గరా ప్రతి గట్టుకీ స్క్రూ వేశాం, మధ్య పర్లిన్ల మీద, అంటే రేకుని మోసే అడ్డ పైపుల మీద, గట్టు విడిచి గట్టు. పర్లిన్ పైపు గోడ మందం 2 మి.మీ. కంటే తక్కువైతే స్క్రూకి పట్టు తగ్గుతుంది, పాతవాటిలో పలచబడ్డవి ఉంటే ముందు అవి మార్చి, తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టాకే రేకు ఎత్తండి. మా వైపు తుఫాను జల్లు ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి కొడుతుంది, అందుకని పడమటి కొసన మొదలుపెట్టి తూర్పుకి వేసుకుంటూ వచ్చాం. తూర్పు రేకు పడమటి రేకు మీదకి ఎక్కుతుంది, పక్క రేకుల అతుకు నోరు జల్లుకి ఎదురుగా ఉండదు.

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టాం. పొద్దున్నే మంచుకి రేకు జారుతుంది, ఎక్కకూడదు. మధ్యాహ్నానికి సముద్రం గాలి లేస్తే పొడుగు రేకు మనిషిని ఈడ్చుకుపోతుంది. ఈ రెండింటి మధ్య దొరికే వేళలోనే రేకు ఎత్తడం, మిగతా టైములో కింద పనులు. నడుముకి తాడు, రబ్బరు చెప్పులు కాదు బూట్లు, అడుగు పర్లిన్ మీదే. సర్వీసు వైరు షెడ్డు పక్కనుంచి పోతుంటే కరెంటు తీయించుకోండి. పాతవి సిమెంటు రేకులైతే పగలగొట్టకుండా, తడిపి, మాస్కు పెట్టుకుని దించండి, అందులో ఆస్‌బెస్టాస్ ఉంటుంది.

వేడి విషయానికొస్తే, లేత రంగు తీసుకోవడం వల్ల మే నెలలో కూడా మధ్యాహ్నం లోపల పని చేయగలిగాను, పాత రేకు కింద అది కుదిరేది కాదు. వాన చప్పుడు మాత్రం అలాగే ఉంది, గట్టి జల్లు పడితే ఫోను వినపడదు. నాకు అంతకన్నా ముఖ్యం తేమ. మంచుకాలం తెల్లవారుజామున రేకు అడుగున నీరు పట్టి బొట్లు బొట్లుగా రాలుతుంది, అది వైండింగ్ మీద పడితే మోటారు పోయినట్టే. పర్లిన్ల మీద ముందు బబుల్ ఫాయిల్ షీటు (గాలి బుడగల ప్లాస్టిక్‌కి వెండిరంగు ఫాయిల్ అంటించినది) పరిచి ఆపైన రేకు వేశాం, బొట్టు రాలలేదు. దీనికి పెట్టిన డబ్బు నాకు రేకు కంటే విలువైనదనిపిస్తుంది. కొప్పు రేకు కింద ఫోమ్ పట్టీలు కూడా పెట్టించుకోండి, జల్లు ఆగుతుంది, కొబ్బరిచెట్ల మీంచి దిగే ఎలకలు ఆగుతాయి. చెట్టు షెడ్డు మీదకి వాలి ఉంటే కాయ పడ్డచోట సొట్ట ఖాయం. మాకు పడింది, రంగు పగల్లేదు గానీ సొట్ట సొట్టే.

చూరు అడుగు భాగాన్ని మరిచిపోవద్దు. పైన ఉప్పుని వాన కడిగేస్తుంది, చూరు కింద వాన తగలదు కాబట్టి ఉప్పు అక్కడే పేరుకుంటుంది. అప్పుడప్పుడు మంచినీళ్ల పైపుతో కడుగుతున్నాను. వారంటీ కాగితంలో సముద్రానికి ఎంత దూరం అన్న షరతు ఉంటుంది, అది కూడా కొనేముందే చదవండి.

ఒక్క చోటికి మాత్రం ఈ రేకు నేను చెప్పను, చెరువు గట్టు మీద మోటారు షెడ్డుకి. అక్కడ ఏరేటర్లు చిమ్మే ఉప్పునీళ్లు రాత్రీ పగలూ పడుతూనే ఉంటాయి, ఏ లోహపు పూతా ఎక్కువ కాలం నిలవదు. అలాంటిచోట యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ రేకు వేసుకోండి, పర్లిన్లు మాత్రం దగ్గర దగ్గరగా కొట్టించాలి.