పన్నెండేళ్లుగా మా పిల్లలు చదువుతున్న మిషన్ స్కూలు, ఒక తల్లిగా నా రివ్యూ

గుంటూరులో సిస్టర్స్ నడిపే ఒక స్కూలు గురించి రాస్తున్నా. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో కంప్లైంట్లు కూడా ఉన్నాయి. మా పెద్దోడిని 2013 జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం, 2025లో పదో తరగతి పూర్తి చేసి బయటికొచ్చాడు, చిన్నది ఇప్పుడు అక్కడే ఏడు చదువుతోంది. మేం క్రిస్టియన్స్ కాదు. మా మామగారు ఇక్కడి ఆంధ్రా క్రిస్టియన్ (ఏసీ) కాలేజీలో చదివారు, మిషన్ వాళ్ల దగ్గరైతే చదువూ వస్తుంది, భయభక్తులూ వస్తాయి అని ఆయన గట్టి నమ్మకం. 1842లో అమెరికా నుంచి ఫాదర్ హేయర్ అనే లూథరన్ మిషనరీ ఈ ఊరొచ్చి బడి పెట్టించిన కాలం నుంచీ గుంటూరులో చాలా ఇళ్లలో ఉన్న నమ్మకమే లెండి అది. పాఠాలు నిజంగానే బాగా చెప్పేవాళ్లు, ఆ విషయంలో మొదటి రోజు నుంచీ నాకు లోటు అనిపించలేదు.

కానీ తల్లిదండ్రులంటే గేటు బయట ఉండాల్సినోళ్లు అన్నట్టే ఉండేది. పేరెంట్స్ మీటింగ్ ఏ బుధవారమో పొద్దున 10 గంటలకి పెట్టేవాళ్లు. మా ఆయన మిర్చి యార్డులో గుమాస్తా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్‌లో అన్నం తినడానికే టైం ఉండదు, ఇంక మీటింగ్‌కి ఎక్కడ వస్తారు. నేనే వెళ్లి లైన్లో నిలబడితే రెండు నిమిషాల్లో "మీ వాడు అల్లరి ఎక్కువ, ఇంట్లో చదివించండమ్మా" అని ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టించుకుని పంపించేసేవాళ్లు.

2020 మార్చిలో కరోనాకి స్కూళ్లు మూసేశాక ఇంకా ఘోరం. వాట్సాప్ గ్రూపు పెట్టారు గానీ అడ్మిన్‌లు తప్ప ఎవరూ మెసేజ్ పెట్టడానికి లేదు, వచ్చేవి రెండే, హోంవర్కు, ఫీజు రిమైండరు. మా పక్కింటావిడ భర్త సెకండ్ వేవ్‌లో పోయారు, ఆ నెలలోనే గ్రూపులో పెట్టిన బాకీల లిస్టులో వాళ్ల పాప పేరుంది. నేను ఆ మెసేజ్ చూసి ఫోన్ పక్కన పడేసి ఏడ్చేశాను. ఆవిడ టీసీ తీసేసుకుంది. 2021 ఆగస్టు 16న బడులు తెరిచేసరికి మా వాడి క్లాసులో రెండు సెక్షన్లు కలిపి ఒకటి చేశారు, అంతమంది వెళ్లిపోయారన్నమాట. కొందరు కార్పొరేట్ స్కూళ్లకి (వాళ్ల పీఆర్వోలు ఇంటికొచ్చి కూర్చుని మరీ మాట్లాడతారు), కొందరు నాడు-నేడు పథకంలో బాగుపడ్డ గవర్నమెంటు బడికి. అందరూ ఫీజు కట్టలేకే వెళ్లారని స్కూలు వాళ్లు అనుకున్నారు. నాకు తెలిసిన నాలుగైదు ఇళ్లలో మాత్రం కారణం అది కాదు, ఏడాదిన్నర పాటు ఎలా ఉన్నారని ఒక్కళ్లు కూడా ఫోన్ చేసి అడక్కపోవడమే. నేను కూడా టీసీ అడగడానికి ఒకరోజు ఆఫీసు దాకా వెళ్లొచ్చాను.

2022 జూన్‌లో కొత్త హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ గారు వచ్చారు. ఆవిడ మొదట చేసిన పని మీటింగ్‌ని శనివారం మధ్యాహ్నానికి మార్చడం. శని ఆదివారాలు యార్డుకి సెలవు కదా, ఈ స్కూల్లో సగం ఇళ్ల వాళ్లకి ఏదో రకంగా మిర్చితోనే పని, అది కనుక్కున్నారు ఆవిడ. తొమ్మిదేళ్లలో మొదటిసారి మా ఆయన క్లాసులోకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. ఒకేసారి అందర్నీ పిలవరు, అరగంటకి ఎనిమిది మందిని, పిల్లల నోటు పుస్తకాలు బల్ల మీద పెట్టి ఉంచుతారు.

అప్పుడు మా చిన్నది నాలుగో తరగతి. క్లాస్ టీచర్ దాని సోషల్ నోట్సు తెరిచి రెండు పేజీలు పక్కపక్కన చూపించింది. ఒక పేజీలో అక్షరాలు గుండ్రంగా, లైను మీద ఉన్నాయి, రెండో దాంట్లో పదాలు సగంలో ఆగిపోయి, పక్క లైన్లోకి దిగిపోయి ఉన్నాయి. "బోర్డు చూసి రాయట్లేదమ్మా, పక్కమ్మాయి పుస్తకంలో చూసి రాస్తోంది, వెనక బెంచీకి మార్చాకే ఇలా అయింది, ఒకసారి కళ్లు చూపించండి" అంది. చూపిస్తే రెండు కళ్లకీ పవర్ వచ్చింది. ఇంట్లో టీవీకి దగ్గరగా కూర్చుంటోందని నేను తిడుతున్నానే గానీ నాకు తట్టనే లేదు. ఆ రోజు నుంచి టీసీ మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

ఫీజు విషయం ఇప్పుడు గ్రూపులో రాదు, ఆఫీసు నుంచి విడిగా ఫోన్ చేస్తారు, పల్లెల నుంచి వచ్చే రైతుల పిల్లలకి కాయ అమ్ముకున్నాక కట్టేలా గడువు ఇస్తారు. ఫీజు పెంచితే ఫిబ్రవరి మీటింగ్‌లోనే చెప్తారు, ఎంత పెంచుతున్నారో, అందులో టీచర్ల జీతాలకి ఎంతో. మా పక్కింటావిడ ఇంటికి సిస్టర్ గారే వెళ్లి ఆ లిస్టు విషయంలో తప్పయిందమ్మా అన్నారట. పాప తిరిగి రాలేదు, కానీ తర్వాత బాబుకి ఎల్‌కేజీ వయసు వస్తే ఆవిడ ఇక్కడికే తెచ్చి వేసింది.

మతం గురించి చాలామంది అడుగుతారు కాబట్టి రాస్తున్నా. పొద్దున అసెంబ్లీలో ప్రేయర్ ఉంటుంది, డిసెంబర్‌లో పిల్లలందరూ కలిసి క్రిస్మస్‌కి, యేసు పుట్టిన చోటుకి గుర్తుగా, పశువుల పాక కడతారు. క్యాథలిక్ పిల్లలకి కాటకిజం (వాళ్ల మత పాఠాలు) క్లాసు, మిగతావాళ్లకి అదే పీరియడ్‌లో మోరల్ సైన్సు, ఈ సంగతి చేరే రోజే మొహం మీద చెప్తారు. మా పిల్లల్ని ఎవరూ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆర్టీఈ (విద్యాహక్కు చట్టం) ఫ్రీ సీట్లు మాత్రం అడక్కండి, 2014 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మైనారిటీ స్కూళ్లకి అది వర్తించదు, బాగా లేనివాళ్లకి వాళ్లే కొంత తగ్గిస్తారు.

ఇక బాగాలేనివి. సర్క్యులర్లు ఇప్పటికీ ఇంగ్లీషులోనే వస్తాయి, చదవలేని అమ్మలు ఫోన్ పట్టుకుని మా ఇంటికొస్తారు, తెలుగులో కూడా పెట్టమని మూడేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. మా వాడు తొమ్మిదిలో ఉండగా ఫిజిక్స్ టీచర్లు ఏడాదిలో ఇద్దరు మారారు, జీతాలు చాలక. ఎండాకాలం అడ్మిషన్ల కోసం టీచర్లని ఇల్లిల్లూ తిప్పడం నాకు అస్సలు నచ్చదు, మా తెలుగు మేడం గారు మే నెల ఎండలో గొడుగేసుకుని వచ్చి మా అరుగు మీద కూర్చుంటే మజ్జిగ ఇచ్చి పంపాను, ఆవిడ వయసేంటి ఆ ఎండేంటి. లోపలున్న పిల్లల అమ్మానాన్నలతో సరిగ్గా ఉంటే కొత్త పిల్లల్ని మేమే తీసుకొస్తాం కదా, ఇద్దర్ని నేనే చేర్పించాను. ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం పథకం డబ్బులు పిల్లకి 13,000 చొప్పున అమ్మ ఖాతాలోనే పడుతున్నాయి, ఏ బడికైనా వెళ్లే వీలు మాకుంది. 2024 డిసెంబర్ 7న గవర్నమెంటు బళ్లు కూడా రాష్ట్రమంతా ఒకేరోజు మెగా పేరెంట్ మీటింగ్ పెట్టాయి, మా చెల్లెలు వెళ్లొచ్చి చాలా బాగా చెప్పింది.

ఐఐటీ ఫౌండేషన్ ఆరో తరగతి నుంచే కావాలనుకునేవాళ్లకి ఈ స్కూలు సరిపడదు. మిగతావాళ్లు చూడాలనుకుంటే అడ్మిషన్ కౌంటర్‌కి కాకుండా మీటింగ్ ఉన్న శనివారం మూడింటికి వెళ్లండి, వరండాలో కూర్చుని బయటికొచ్చే అమ్మానాన్నల్ని అడగండి, వాళ్లే చెప్తారు.