పద్యం నేర్పే వారాంతపు తరగతి: వచన కవులూ చేరొచ్చు

ఆన్‌లైన్‌లో పద్యరచన నేర్పే తరగతులు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆఫీసులో ఒక స్నేహితుడు చెబితే వాటిలో ఒకదాంట్లో చేరి, కోర్సు పూర్తి చేశాను. ఫీజు 2,500 రూపాయలు, పాఠాలు శని, ఆదివారాల్లో జూమ్‌లో. నేను చాన్నాళ్లుగా వచన కవిత రాస్తున్నవాణ్ణి. నాలాంటివాళ్లకు ఇందులో ఏముందో చెప్పడానికే ఈ రివ్యూ.

గురులఘువులు, గణాలు, యతిప్రాసలు బళ్లో అందరం బట్టీ పట్టినవే. మాస్టారు వాటిని త్వరగా దాటించి మకుటాల దగ్గర, అంటే శతకంలో ప్రతి పద్యం చివరా తిరిగొచ్చే పిలుపుల దగ్గర, ఆగారు. ఫీజుకు తగ్గ పాఠం అదే. 'విశ్వదాభిరామ వినురవేమ' అన్నది సరిగ్గా ఐదు సూర్యగణాలు, అంటే మూడేసి మాత్రల గణాలు (లఘువు పలికే కాలం ఒక మాత్ర). ఆటవెలది నాలుగో పాదానికి కావాల్సినవీ ఆ ఐదే. అంటే ఆటవెలది నాలుగో పాదం మొత్తం మకుటానికే పోయింది. వేమన చెప్పదలచింది మూడు పాదాల్లో అయిపోవాలి, దెబ్బ మూడో పాదంలో పడాలి. ఆ తెగింపు, ఆ కోత ఆయన స్వభావం అనుకుంటాం. స్వభావమే కావచ్చు, కానీ దానికి ఆటవెలది కొలత కూడా తోడైంది. సుమతీ శతకంలో 'సుమతీ' తీసుకునేది కందపద్యం చివర ఒక్క గణం, నాలుగు మాత్రలు. మిగతా పద్యమంతా ఖాళీయే. అందుకే అక్కడ గొంతు తొందరపడదు, పక్కన కూర్చోబెట్టుకుని బుద్ధి చెబుతుంది.

ధూర్జటి శతకానికి మకుటమైన 'శ్రీకాళహస్తీశ్వరా' సంగతి విన్నాక ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ ఏడక్షరాలు శార్దూలం చివరా, మత్తేభం చివరా అచ్చంగా కూర్చుంటాయి. రెండింటిలోనూ యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, 'శ్రీ' మీదే పడుతుంది. కాబట్టి నాలుగో పాదం ఎప్పుడూ సి, సే, చె, రి లాంటి అక్షరంతోనే మొదలవ్వాలి. ధూర్జటి ఏ కోపంతో బయల్దేరినా చివరి పాదంలో అడుగుపెట్టేసరికే స్వామి పేరు ఆయన నాలుకను తన వైపు తిప్పుకుంటుంది. 'రాజుల్ మత్తులు' అని వరసగా మూడు గురువులతో కొట్టి మొదలైన పద్యమైనా అంతే. దాశరథీ శతకంలోని 'దాశరథీ కరుణాపయోనిధీ' ఇంకా పెద్దది, పదకొండు అక్షరాలు. ఉత్పలమాల పాదంలో దానికి ముందు మిగిలేది తొమ్మిది అక్షరాలే. సగానికి పైగా పాదం పిలుపే అయినప్పుడు ఆ గొంతులో వేడుకోలు వినిపించక ఏం చేస్తుంది?

తర్వాత ఇచ్చిన అభ్యాసం: ఒకే విషయాన్ని వేర్వేరు ఛందస్సుల్లో రాయాలి. అమ్మ ఫోన్ చేయడం గురించి నా దగ్గర ఒక వచన కవిత ఉంది, రెండు పేజీలు. దాన్ని ఆటవెలదిలోకి తెస్తే ఇలా వచ్చింది:

ఫోను చేసి అమ్మ పొద్దున్న అడిగింది
తింటినంటి నేను తినకముందె
గొంతులోని నలత గుర్తించి కాబోలు
అన్నమింత తినర అనుచు నవ్వె

వచన కవితలో అమ్మను నదితో, చెట్టుతో పోల్చాను. ఇక్కడ పోలికలకు చోటే లేదు. మాట్లాడుతున్నది కవి కాదు, కొడుకు. నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇప్పుడు ఇదే. రెండు అచ్చులు పక్కపక్కన రాకూడదు కాబట్టి 'చేసి యమ్మ' అని ఉండాలని ఒకరు అభ్యంతరం చెప్పారు. నియమం ప్రకారం అది న్యాయమేననీ, ఈ గొంతుకు మాత్రం 'యమ్మ' అతకదనీ మాస్టారు అలాగే ఉంచారు. ఆ తీర్పుకు దణ్ణం పెట్టాలనిపించింది.

అదే విషయం శార్దూలంలో పెట్టబోతే మొదటి మూడు అక్షరాలూ గురువులే కావాలి. 'అమ్మ' ఆ తలుపులోంచి పట్టదు. 'మాతృశ్రీ' మాత్రం వెంటనే కుదిరింది. అక్కణ్ణుంచి సమాసాలు వాటంతటవే రావడం మొదలై, చివరికి మా అమ్మ పురాణస్త్రీ అయి కూర్చుంది. ఎవరైనా శార్దూలంలో ఇంటి మాట పలికించగలిగితే ఆ కవి చేతిలో ఎంత పని ఉందో నాకు అప్పుడు తెలిసింది.

లోపాలూ ఉన్నాయి. నోట్సు పీడీఎఫ్ స్కాన్ మసగ్గా ఉంది, గణాల గుర్తులు చాలాచోట్ల కనబడవు. బ్యాచ్ పెద్దది, దిద్దుబాటు కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. వాట్సాప్ గ్రూపులో శుభోదయాల మధ్య పద్యాలు వెతుక్కోవాలి. అన్నిటికంటే నాకు కష్టం కలిగించింది, 1910లో గురజాడ వాడుకభాషకు నడక వెతికి తెచ్చిన ముత్యాలసరం ఛందస్సును అరగంటలో ముగించడం. మూడు, నాలుగు మాత్రల ఆ నడక పద్యానికీ వచనానికీ మధ్య ఉన్న వంతెన. మాలాంటివాళ్లకు ముందు కావాల్సింది అదే.

అవధానాల మీద గురిపెట్టినవాళ్లకు ఈ కోర్సు చాలదు. వచన కవిత రాస్తూ, ఏం రాసినా ఒకేలా వినబడుతోందని బాధపడేవాళ్లు తప్పకుండా చేరండి. వచ్చే బ్యాచ్‌లో ముత్యాలసరానికి రెండు వారాలు కేటాయిస్తే నేను మళ్లీ ఫీజు కడతాను.