నొప్పి మందు మార్చడం తెలిసిన క్లినిక్, అన్నానగర్, చెన్నై

క్యాన్సర్ నొప్పికి మందు రాసే డాక్టర్లు చెన్నైలో చాలామందే ఉన్నారు. ఒక మందు ఆపి ఇంకొకటి మొదలుపెట్టేటప్పుడు ఎంత తగ్గించాలో లెక్క వేసి, ఆ కాగితం ఇంటివాళ్ల ముందు పెట్టి వివరించిన చోటు మాత్రం నాకు ఇదొక్కటే తారసపడింది. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మా మామగారు మార్ఫిన్ మాత్రలు 15 మిల్లీగ్రాముల చొప్పున నాలుగు గంటలకోసారి వేసుకునేవారు. అంటే రోజుకు 90. మొదట్లో 5 మిల్లీగ్రాములకే మగతగా పడి ఉండే మనిషి, పోనుపోను 15 వేసుకుని కూడా లేచి కూర్చుని పేపరు చదివేవారు. ఈలోగా మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పెరిగింది. మళ్లీ మగత, పైగా గ్లాసు పట్టుకుంటే చేయి ఉలిక్కిపడినట్టు అదిరేది. మూత్రపిండాలు దెబ్బతింటే మార్ఫిన్ నుంచి తయారయ్యే పదార్థాలు బయటికి పోక ఒంట్లో పేరుకుంటాయని చెప్పి, డాక్టరుగారు చర్మం మీద అంటించే ఫెంటనిల్ ప్యాచ్‌కు మార్చారు.

ఆవిడ పట్టిక చూసి, 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు గంటకు 37 మైక్రోగ్రాముల పైచిలుకు ఫెంటనిల్ సమానమని రాశారు. దాని కింద గీత గీసి, మూడో వంతు తీసేసి, 25 అని వేశారు. మా మరిదికి అది నచ్చలేదు.

"నాన్న ఇన్ని నెలలుగా మార్ఫిన్‌కు అలవాటు పడి ఉన్నారు కదండీ. ఇంత తక్కువ ఏం సరిపోతుంది?"

"ఆ అలవాటు మార్ఫిన్‌కు. రెండు మందులూ ఒంట్లో మందు వచ్చి అతుక్కునే ఒకే రకం గ్రాహకాల మీద పనిచేస్తాయి కాబట్టి అందులో కొంత ఫెంటనిల్‌కూ వస్తుంది. మొత్తం రాదు. వస్తుందనుకుని పూర్తి మోతాదు అంటిస్తే ఊపిరి మందగించవచ్చు. తక్కువైతే పెంచుకోవచ్చు బాబూ."

మామూలుగా పావు వంతు నుంచి సగం దాకా తగ్గిస్తారట. ప్యాచ్ పని అందుకోవడానికి 12 గంటలు పైనే పడుతుంది కాబట్టి, ఆలోగా నొప్పి వస్తే వేసుకోవడానికి చిన్న మోతాదు మాత్ర కూడా రాశారు.

ఆ తరువాత అడిగిన ప్రశ్న నాకు ఇంకా విలువైనదిగా తోచింది: నిద్రమాత్ర ఏమైనా వాడుతున్నారా, మద్యం అలవాటు ఉందా అని. మార్ఫిన్‌కు అలవాటు పడిన శరీరం అల్ప్రజోలం అనే నిద్రమాత్రకు కూడా పడిందనుకోకూడదు. అది వేరే దారిలో పనిచేస్తుంది, రెండూ కలిస్తే ఊపిరికే ముప్పు. మద్యం, నిద్రమాత్రల సంగతి వేరు. మెదడులో ఆ రెండింటి ప్రభావం చాలావరకు ఒకే చోట కాబట్టి, రోజూ తాగేవారికి మామూలు మోతాదు నిద్రమాత్ర పట్టకపోవచ్చు. మద్యం మాన్పించేటప్పుడు అదే కోవకు చెందిన డయాజిపామ్ వంటివి ఇచ్చి మెల్లగా తగ్గించేది కూడా అందుకే. అలాగని తాగి ఉన్నప్పుడు ఆ మాత్ర వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అల్ప్రజోలం మా ఇంట్లో ఉంది. అత్తగారి డబ్బాలో ఉన్న ఆ మాత్రలను ఆ రోజే విడిగా దాచాను.

నర్సమ్మ తెలుగులోనే చెప్పింది. ప్యాచ్ మీద తేదీ వేయడం, 72 గంటలకు మార్చి వేరే చోట అంటించడం, దాని మీద వేడినీళ్ల సంచీ పెట్టకపోవడం. వేడికి మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. తీసేసిన దానిలోనూ మందు మిగిలి ఉంటుంది కాబట్టి జిగురు వైపు లోపలికి మడిచి, పిల్లల చేతికి అందకుండా చూడాలి. మరునాడు పొద్దున్నే ఆమే ఫోను చేసి, పిలిస్తే లేస్తున్నారా, ఊపిరి ఎలా ఉందని అడిగింది. మొదటి రాత్రి మాత్ర అవసరమైంది. తరువాత 25తోనే నొప్పి అదుపులోకి వచ్చింది, చేతి అదురు కూడా తగ్గింది.

లోపాలు లేకపోలేదు. సూచనల కాగితం తమిళంలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. ఇంతమంది తెలుగువాళ్లు వచ్చే చోట అది అన్యాయమే. నిరీక్షణ ఎక్కువ, పడుకోవలసిన రోగికి బల్లలు తప్ప ఏమీ లేవు. ఈ ప్యాచ్‌లు వీధి చివరి మందుల షాపులో దొరకవు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వీటిని నిల్వ ఉంచుకోవడం తేలికయింది. ఇక్కడ లోపలే ఇస్తారు, సాయంత్రం దాటితే ఉండదు.

వెళ్లేవారు పొద్దున్నే వెళ్లండి. తాజా క్రియాటినిన్ రిపోర్టు, ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా మొత్తం, నిద్రమాత్రలతో సహా, పట్టుకెళ్లండి.