గెస్ట్ లెక్చరా, ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీసా?

రియల్ ఎస్టేట్ కోర్సులో పాఠం చెప్పడానికి పరిశ్రమ మనిషిని రప్పించాలంటే మన యూనివర్సిటీలకు రెండు దారులున్నాయి. పాతది, ఒక పూట గెస్ట్ లెక్చర్. కొత్తది, 2022లో యూజీసీ తెచ్చిన ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్, అంటే పరిశ్రమ మనిషినే కొంతకాలం అధ్యాపకుడిగా పెట్టుకునే పోస్టు. దీనికి పీహెచ్‌డీ అక్కర్లేదు, 15 ఏళ్ల అనుభవం మాత్రం ఉండాలి.

గెస్ట్ లెక్చర్‌కు ఖర్చు తక్కువ. లోన్ మేనేజర్, వాల్యూయర్, లాయర్ ఇలా వారానికొకరిని పిలవచ్చు. బిల్డర్ వస్తే మాత్రం సగం క్లాసు సొంత ప్రాజెక్టు బ్రోచర్‌కే పోవచ్చు!

అసలు తేడా లోతులో ఉంది. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతం బిల్డర్ ప్రత్యేక ఖాతాలో ఉంచాలని రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెబుతుంది. ఇంతవరకు పుస్తకంలోనే దొరుకుతుంది. అందులోంచి పని అయిన మేరకు డబ్బు తీయాలంటే ఇంజినీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ముగ్గురూ సర్టిఫై చేయాలి. పని ఎంత శాతం అయిందో లెక్కగట్టడం విద్యార్థుల చేత చేయించాలంటే గంట ఎక్కడ సరిపోతుంది? ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు) చదవడమూ అంతే. ఫైళ్లు తిరగేస్తేగానీ చెయ్యి తిరగదు.

నా ఓటు రెండోదానికే. మార్కెట్ రేట్ల సంగతికి మాత్రం గెస్ట్‌లను పిలవాలి, అదీ ఆ ప్రొఫెసర్ ఎదుటే.