సైగాన్ వెళ్లొచ్చాం: బస, తిండి, ఒక పాత యుద్ధం

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది కదా అని ఈసారి వియత్నాంలోని హో చి మిన్ సిటీకి వెళ్లాం. ఊళ్లో చాలామంది ఇప్పటికీ సైగాన్ అనే అంటారు. వెంట మా బావగారు, ఆర్మీలో హవల్దారుగా రిటైరైన మనిషి. బీచ్‌లూ బోట్లూ ఆయనకు పట్టవు. "అమెరికా ఓడిన చోటు చూపించు చాలు" అన్నారు.

ముందు బస సంగతి. చవగ్గా వస్తోందని బుయి వియెన్ వీధి పక్కన గది తీసుకున్నాం. తెల్లారేదాకా పబ్బుల మోత, కిటికీ అద్దాలు అదిరిపోయాయి. మర్నాడే డిస్ట్రిక్ట్ 3కి మారాం. అద్దె కొంచెం ఎక్కువే గానీ నిద్ర పట్టింది, యుద్ధ మ్యూజియం నడిచి వెళ్లే దూరం. ఇంకో మాట: 'చాయ్' అని పలికే బోర్డు కనిపిస్తే టీకొట్టు అనుకోకండి, అది శాకాహార హోటల్. మేం రెండు పూటలు అక్కడే తిన్నాం.

అమెరికా అండతో నడిచిన దక్షిణ వియత్నాం అధ్యక్షుడి భవనం, ఇండిపెండెన్స్ ప్యాలెస్, తప్పకుండా చూడాలి. 1975 ఏప్రిల్ 30న ఉత్తర వియత్నాం ట్యాంకులు గేటు విరగ్గొట్టుకుని లోపలికొచ్చింది ఇక్కడే. అదే నంబర్లతో, 390, 843, రెండు ట్యాంకులు చెట్ల కింద పెట్టారు. అసలువి హనోయ్‌లో ఉన్నాయి. డాబా మీద ఎర్రగా గీసిన రెండు వలయాల దగ్గర బావగారు చాలాసేపు ఆగిపోయారు. అంతకు మూడు వారాల ముందు దక్షిణ వియత్నాం పైలటే తన అధ్యక్షుడి భవనం మీద బాంబులేసిన గుర్తులవి. "సొంతవాడే తిరగబడ్డాక ఎన్ని హెలికాప్టర్లుంటే ఏం లాభం" అన్నారాయన.

వార్ రెమ్నెంట్స్ మ్యూజియం టికెట్ 40,000 డాంగ్‌లు, మన నూట ముప్పై, నలభై రూపాయలు. అమెరికా చల్లిన విష రసాయనం ఏజెంట్ ఆరెంజ్ గదిలోకి చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు. మ్యూజియం మీద నా ఫిర్యాదల్లా ఒకటే, ఓడినవాడు ఆ తర్వాత ఏమయ్యాడో కథ దాదాపు లేదు. అసలు ఆసక్తికరమైంది అదే! 58,000 మందికి పైగా సైనికుల్ని పోగొట్టుకున్న అమెరికా, 1973లోనే నిర్బంధ సైనిక భర్తీ ఆపేసింది. అధ్యక్షుడు ఒంటరిగా యుద్ధంలోకి దిగకుండా కాంగ్రెస్ అదే ఏడాది చట్టం చేసింది. అమెరికన్లు కట్టిన కామ్ రాన్ స్థావరంలో సోవియట్ నౌకలు లంగరేశాయి. ఆ వెనుకంజ చాలా ఏళ్లు నడిచింది. 1983లో లెబనాన్‌లో బీరూట్ పేలుడులో 241 మంది అమెరికా సైనికులు పోతే కొద్ది నెలల్లో అక్కణ్ణుంచి మెరైన్లను వెనక్కి తెచ్చుకున్నారు. 1991లో కువైట్ యుద్ధం గెలిచాక వియత్నాం జబ్బు, అంటే యుద్ధమంటే జంకు, వదిలిందని పెద్ద బుష్ ప్రకటించాడు. వదిలింది పాఠమేమో అని నా అనుమానం, 2021లో అమెరికా సేనలు వెళ్లిపోతుంటే కాబూల్ విమానాశ్రయం చూశాంగా.

అమెరికాతో పోరాడిన గెరిల్లాలు దాక్కున్న కూచీ సొరంగాలకు బెన్ దిన్ కన్నా బెన్ డువోక్ వైపు వెళ్లండి, దూరమైనా జనం తక్కువ. మా టూర్ వాళ్లు సగం పూట దారిలో బొమ్మల షాపులోనే గడిపించారు, బేరం కుదుర్చుకునేటప్పుడే షాపులొద్దని చెప్పండి. పర్యాటకుల కోసం వెడల్పు చేసిన సొరంగంలో కూడా నా మోకాళ్లు గీరుకుపోయాయి. బయటికొచ్చాక గెరిల్లాల తిండి అంటూ ఉడికించిన కర్రపెండలం, వేరుశనగ పొడి పెట్టారు. పెద్దాపురం వైపు పెరిగిన బావగారికి అది కొత్తేం కాదు, రెండో ముక్క అడిగి తిన్నారు. పక్కనే డబ్బులు కట్టి ఎం-16 తుపాకీ పేల్చుకునే రేంజ్ ఉంది. ఆయన అటు చూడనైనా చూడలేదు.

ఆఖరి రోజు లె జువాన్ వీధికి వెళ్లాం. కప్పు మీంచి ఆఖరి మెరైన్లు హెలికాప్టరెక్కిన రాయబార కార్యాలయ భవనం ఇప్పుడు లేదు, ఆ ఆవరణలోనే అమెరికా కాన్సులేట్ ఉంది. 2018లో దా నాంగ్‌కు అమెరికా విమాన వాహక నౌక వచ్చినప్పుడు స్వాగతం పలికింది ఈ దేశమే, చైనాతో దానికున్న పేచీలు అలాంటివి. కాన్సులేట్ గేటు ముందు వీసా ఫైళ్లు పట్టుకుని కుర్రాళ్లు బారులు తీరారు. బావగారు కాసేపు చూసి, "నానక్‌రామ్‌గూడలో మనవాళ్లు నిలబడినట్టే ఉందిరా" అన్నారు.