పాలీబ్యూటీన్ ఉన్న లిప్ గ్లాస్: ఏళ్ల తరబడి వాడాక

లిప్ గ్లాస్ కొనేటప్పుడు నేను రంగు కంటే ముందు ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చూస్తాను. పాలీబ్యూటీన్ మొదటి రెండు మూడు పేర్లలో ఉందంటే ఆ గ్లాస్ జిగటగా ఉంటుంది, మెరుపు గంటల తరబడి నిలుస్తుంది. పదార్థాలను మోతాదు ఎక్కువున్న దానితో మొదలుపెట్టి వరుసగా రాస్తారు కాబట్టి, ఇన్నేళ్లలో ఈ లెక్క దాదాపు తప్పలేదు.

పెట్రోలియం శుద్ధిలో వచ్చే బ్యూటీన్ వాయువులతో చేసే పాలిమర్ ఇది, అంటే చిన్న అణువులు గొలుసులా కలిసి ఏర్పడిన పదార్థం. రంగు లేదు, వాసన లేదు, నీళ్లలో కరగదు. గ్లాస్‌కి చిక్కదనం, పెదాలకు పట్టుకుని ఉండే గుణం రెండూ దీనివల్లే. మెరుపుకీ కారణముంది: దీని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య) సుమారు 1.5, నీటిది 1.33 మాత్రమే. అందుకే పల్చటి పూతకే పెదాలు తడిగా ఉన్నట్టు మెరుస్తాయి.

బ్రష్ బయటికి లాగితే సన్నటి తీగ సాగుతుంది. పెదాలు కలిపి తెరిస్తే కాస్త అంటుకుంటాయి. గాలి వీస్తే జుట్టు వచ్చి అతుక్కుంటుంది, అది నిజంగా చిరాకే. చలికి మరీ గట్టిపడుతుంది. అప్పుడు ట్యూబును అరచేతిలో కాసేపు పట్టుకుంటే పల్చబడి మామూలుగా వస్తుంది. ఎక్కువ రాసుకుంటే జిగటే మిగులుతుంది. కింది పెదవి మధ్యలో ఒక్క చుక్క పెట్టి వేలితో పక్కలకు లాగితే చాలు.

పొడిబారిన పెదాలకు దీన్ని మందు అనుకోకూడదు. ఇది తేమను ఇవ్వదు, ఉన్న తేమను బయటికి పోకుండా ఆపుతుంది. నేను ముందు పెదాలు తడిపి, పైపైన అద్ది, ఆ తర్వాతే రాసుకుంటాను. తీయడానికి నీళ్లు పనిచేయవు. దూది మీద రెండు చుక్కల నూనె వేసి తుడిస్తే శుభ్రంగా వచ్చేస్తుంది. నూనె వంటలు తిన్నా అంతే, భోజనం అయ్యేసరికి గ్లాస్ ఉండదు. చెరగని మాట్ లిప్‌స్టిక్ పైన కూడా వేయను, కింద రంగు మెత్తబడి ముద్దలు కడుతుంది.

పెట్రోలియం అనగానే టెన్షన్ పడేవాళ్లుంటారు. అమెరికాలోని కాస్మెటిక్ ఇంగ్రీడియెంట్ రివ్యూ అనే సంస్థ నిపుణులు 1982లోనే సౌందర్య సాధనాల్లో దీని వాడకం సురక్షితమని తేల్చారు. అణువులు పెద్దవి కాబట్టి చర్మంలోకి ఇంకడం కష్టం. నాకైతే ఇంతవరకూ దురద, మంట రాలేదు.

జిగట అసలు పడనివాళ్లు దీనికి దగ్గరి పదార్థమైన హైడ్రోజినేటెడ్ పాలీఐసోబ్యూటీన్‌లో పల్చటి రకం వాడిన గ్లాస్ చూడండి. హాయిగా జారుతుంది, జుట్టు అంటదు. కాకపోతే మెరుపు త్వరగా పోతుంది, మళ్లీ మళ్లీ రాసుకోవాలి. రోజంతా బయట ఉండే పని ఉంటే మాత్రం నా బ్యాగులోకి వెళ్లేది పాలీబ్యూటీన్ ట్యూబే.