పదకొండేళ్లు వాడాక నా రీలోడింగ్ డైల గురించి

కాల్చేసిన తూటా ఖాళీ కేసుని (ఇత్తడి గొట్టాన్ని) మళ్లీ తూటాగా కట్టడానికి ప్రెస్ అనే చేతి యంత్రంలో బిగించే అచ్చులే రీలోడింగ్ డైలు. నా దగ్గర అలాంటివి రెండు సెట్లున్నాయి. ఒకటి .38 స్పెషల్ రివాల్వర్ తూటాకి, కార్బైడ్ (గట్టి లోహ మిశ్రమం) రింగుతో వచ్చిన మూడు డైల సెట్టు. రెండోది .308 వించెస్టర్ రైఫిల్ తూటాకి, మామూలు ఉక్కు డైలు రెండు. మొదటిది కొని పదకొండేళ్లు, రెండోది కొని ఏడేళ్లు. రెండూ ఇప్పటికీ బాగానే పనిచేస్తున్నాయి. కాబట్టి కొనొచ్చా అని అడిగితే కొనొచ్చనే అంటాను. మామూలు సైజు డై ఏ కంపెనీదైనా మర 7/8-14 (7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు) కొలతే ఉంటుంది, ప్రెస్ మార్చినా డైలు మార్చక్కర్లేదు. అసలు సంగతంతా కొన్నాక వాటిని ఎలా చూసుకుంటామన్నదే. అందులో నేను చాలా ఏళ్లు తోమాల్సిన డైని వదిలేసి ఇంకోదాన్ని తోముతూ కూర్చున్నాను.

డై శుభ్రం అనగానే అందరి చూపూ సైజింగ్ డై (కాల్చినప్పుడు ఉబ్బిన కేసుని మళ్లీ అసలు కొలతకి నొక్కేది) మీదకే పోతుంది. నాదీ అంతే. కాల్చిన ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుని అంటించే చిన్న టోపీ) బయటికొచ్చేది అక్కడే, నల్లగా మసి కనిపించేది అక్కడే. బుల్లెట్‌ని కేసులో కూర్చోబెట్టే సీటింగ్ డై పైకి ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది కదా, దాని జోలికి పోయేవాణ్ణి కాదు.

ఒకరోజు .38 తూటాలు కడుతూ మధ్యలో ఊరికే క్యాలిపర్ పెట్టి చూశాను. 1.475 అంగుళాల పొడవుకి సెట్ చేసిన డై 1.460 ఇస్తోంది. డైని కదలకుండా పట్టే లాక్ రింగ్ వదులైందేమో అనుకున్నాను, కాలేదు. ప్రెస్ అరిగిందేమో అనుకున్నాను, అదీ కాదు. చివరికి సీటింగ్ స్టెమ్ (బుల్లెట్‌ని కిందికి నొక్కే కడ్డీ) ఊడదీస్తే దాని గుంటలో కొవ్వొత్తి మైనంలాంటి ముద్ద గట్టిగా అతుక్కుని ఉంది. నేను వాడేవి పోతపోసిన సీసం బుల్లెట్లు. వాటికి పూసిన మైనం లూబ్ (జారుడు పూత), కాస్త సీసం తరుగు కలిసి రోజూ కొంచెం కొంచెం పేరుకుని, బుల్లెట్‌ని ప్రతిసారీ ఇంకాస్త లోపలికి తోస్తున్నాయన్నమాట. పెద్ద కేసు కాబట్టి .38లో నాకేం కాలేదు. అదే 9 ఎంఎం లాంటి చిన్న కేసులో బుల్లెట్ అంత లోపలికి దిగితే లోపలి ఖాళీ తగ్గి ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఆ రోజు కట్టినవన్నీ ఒక్కొక్కటే కొలిచి, తేడా ఉన్నవి బుల్లెట్ పుల్లర్‌తో విప్పాను. సాయంత్రమంతా దానికే సరిపోయింది.

అప్పటినుంచి సీసం బుల్లెట్లయితే రెండు, మూడు వందలకోసారి స్టెమ్ బయటికి తీస్తాను. మినరల్ స్పిరిట్‌లో పది నిమిషాలు నానబెడితే మైనం మెత్తబడుతుంది. దూదిపుల్లతో గుంట తుడిచి, నైలాన్ బ్రష్‌ని డై లోపల నాలుగుసార్లు తిప్పితే సరి. క్రింప్ వేసే (కేసు మూతిని బుల్లెట్ మీదకి నొక్కే) అంచు దగ్గర కూడా లూబ్ రింగులా పేరుకుంటుంది, అది కంటికి ఆనదు, టార్చి వేసి చూడాలి. రాగి తొడుగున్న బుల్లెట్లు వాడేవాళ్లకి ఇంత బాధ లేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. స్టెమ్ ఊడదీస్తే సెట్టింగ్ పోతుంది. దానికోసం ప్రైమర్, మందు లేని డమ్మీ తూటా ఒకటి సరైన పొడవుకి కట్టి డై పెట్టెలోనే పెట్టుకున్నాను. దాన్ని ప్రెస్‌లో పెట్టి పైకెత్తి, స్టెమ్ తగిలేదాకా తిప్పితే సెట్టింగ్ మళ్లీ చేతికొస్తుంది. ఆ తర్వాత కట్టిన మొదటి నాలుగైదు మాత్రం కొలవకుండా వదలొద్దు.

కార్బైడ్ సైజింగ్ డై గురించి ఫిర్యాదేమీ లేదు. దీంతో నిటారు కేసులకి లూబ్ అక్కర్లేదంటారు, అది నిజమే. అయినా ఐదారు కేసులకి ఒకటి చొప్పున కాస్త లూబ్ తగిలిస్తే చెయ్యి నొప్పెట్టదు. కార్బైడ్ చాలా గట్టిది, కానీ గాజులా పెళుసు. కింద పడేసినా, కేసుని పట్టుకునే షెల్ హోల్డర్‌ని రింగుకేసి బలంగా గుద్దినా బీటలు వారుతుంది. రెంటి మధ్య సన్నటి సందు వదిలి సెట్ చేసుకోవాలి. కేసు మూతిని కాస్త వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ డైకి ఒక గుడ్డ ముక్క చాలు. కాకపోతే దాని లోపల నూనె మిగలకూడదు, మిగిలితే మందు అతుక్కుంటుంది.

.308 డైల కథ వేరు. సీసామూతిలా భుజమున్న కేసులకి లూబ్ తప్పదు. లూబ్ తక్కువైతే కేసు ఇరుక్కుంటుంది, ఎక్కువైతే భుజం మీద సొట్టలు పడతాయి. నాకు రెండూ అయ్యాయి. సొట్టలు పడుతుంటే లూబ్ తగ్గించాను, అయినా ఆగలేదు. చూస్తే డై పక్కనున్న గాలి రంధ్రం పూడిపోయి ఉంది. గుండుసూదితో పొడిస్తే పేస్టులా బయటికొచ్చింది. ఇరుక్కున్న కేసు సంగతికొస్తే, అడుగున రంధ్రం చేసి, 1/4-20 ట్యాప్‌తో మర వేసి, బోల్టుతో లాగే కిట్ ఉంటుంది. అది లేకుండా సుత్తి పట్టుకున్నాను. డై బతికింది కానీ పాత ప్రైమర్‌ని బయటికి తోసే డీకాపింగ్ రాడ్డు వంగిపోయింది. కేసు మీద కేసు పెట్టుకున్నట్టయింది నా పని.

ఇదే డైలో నాలుగో ఏట కేసుల మీద నిలువు గీత పడటం మొదలైంది. ప్రతి కేసు మీదా ఒకే చోట పడుతోందంటే తప్పు డైలో ఉన్నట్టే. నేలమీద ఏరుకున్న కేసులు కడగకుండా సైజు చేసిన పాపం అది, ఇసుక రేణువు తగులుకుని దాని చుట్టూ ఇత్తడి అంటుకుంది. స్పిరిట్‌తో పోలేదు. పుల్లకి దూది చుట్టి, మెత్తటి మెటల్ పాలిష్ రాసి, డ్రిల్‌కి తగిలించి నెమ్మదిగా తిప్పితే పోయింది. ఎమరీ కాగితం, స్టీలు బ్రష్ మాత్రం లోపలికి పోనివ్వకండి, పోయిన కొలత మళ్లీ రాదు. ఇప్పుడు కేసుల్ని ముందే టంబ్లర్‌లో (కేసుల్ని తిప్పుతూ తోమే యంత్రంలో) వేస్తున్నాను, ఈ డైని ఏడాదికోసారి తుడిస్తే సరిపోతోంది.

అల్ట్రాసోనిక్ క్లీనర్ కూడా కొన్నాను. మురికి బాగా వదులుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ నీళ్లలోంచి తీసిన ఉక్కు డైని బల్లమీద పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి నారింజ రంగు పొర పట్టేసింది. తీసిన వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి సన్నగా నూనె పట్టించాలి. రెండు సెట్ల కోసం ఇంత తతంగం నాకు అనవసరమనిపించింది. ఇప్పుడు దాంట్లో కళ్లజోడు కడుగుతున్నాను.

నూనె పట్టించి దాచిన డైని మళ్లీ వాడేముందు లోపల పూర్తిగా తుడవాలి. ప్రైమర్‌కి నూనె తగిలితే పేలకపోవచ్చు. కొత్త డై మీద తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు పూసిన నూనె సంగతీ ఇంతే. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేస్తే మంచిది. సైజింగ్ డైలోంచి రాలే నల్లపొడిలో ప్రైమర్ల సీసం ఉంటుంది, దాన్ని నోటితో ఊదకండి. చేతితొడుగులు వేసుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ తర్వాత చేతులు కడుక్కోవాలి.

నాకు నచ్చనిది ఒక్కటే, .308 సెట్టు లాక్ రింగులు. పక్కనున్న సెట్‌స్క్రూ నేరుగా డై మరల మీద కూర్చుని వాటిని నలిపేస్తుంది. స్క్రూ కింద ఒక చిన్న సీసం గుండు వేసి బిగిస్తున్నాను. అదీ విసుగొచ్చి, పోయిన ఏడాది చీలిక ఉండి చుట్టూ బిగుసుకునే రకం రింగులు విడిగా కొని మార్చేశాను.